గాలి వస్తోందా అండీ

రాజకుమారి సిస్టర్ గురించి చెప్పాలంటే ముందు పేగు గురించి చెప్పాలి. ఈ మాట వినగానే మొహం చిట్లించేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం నష్టం లేదు. పొద్దున్న తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి ఎక్కడికి చేరిందో, దాన్ని ఎవరు మోసుకెళ్లారో జన్మలో ఒక్కసారి కూడా ఆలోచించనివాళ్లే లోకంలో ఎక్కువ.

నా పేరు వీర్రాజు. ఏలూరు పవర్‌పేటలో డాక్టర్ నెల్సన్ గారి నర్సింగ్ హోమ్‌లో ఇరవై ఏళ్లు ఆపరేషన్ థియేటర్ అసిస్టెంట్‌గా చేశాను. కత్తెర అడిగితే కత్తెర, దారం అడిగితే దారం అందించడం నా పని. కడుపు తెరిచిన ప్రతిసారీ ఒక వింత చూసేవాణ్ణి. మనిషి మత్తులో ఉంటాడు, చిటికెన వేలు కూడా కదపలేడు. లోపల పేగు మాత్రం తనకి ఎవరితోనూ పని లేనట్టు నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది. ఒకచోట సన్నగా బిగుసుకుంటుంది, దాని ముందు భాగం వదులవుతుంది, ఆ బిగువు మెల్లగా ముందుకి జరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత అలవాటైపోయింది.

డాక్టరు గారు కుట్లు వేస్తూ కబుర్లు చెప్పే రకం. అప్పట్లో నేను రోజూ వ్యాయామశాలకి వెళ్లి, పొట్టి చేతుల చొక్కాలు వేసుకుని తిరిగేవాణ్ణి. ఓ రోజు నా చేతులు చూసి నవ్వారు. “వీర్రాజూ, నీ కండ నీ మాట వింటుంది. కానీ అరగంట బరువులెత్తితే అలిసిపోతుంది. ఈ పేగు గోడలో ఉండేవి నునుపు కండరాలు. ఇవి నీ మాట వినవు, నువ్వు నిద్రపోయినా పని మానవు. మింగేదాకానే నీ ఇష్టం, గొంతు దాటాక అంతా వీటి రాజ్యం,” అన్నారు. లోపలి పొర పేగు చుట్టూ గాజులు తొడిగినట్టు ఉంటుందట, బయటి పొర పొడుగ్గా సాగి ఉంటుందట. ముద్దకి వెనక ఉన్న గాజు బిగుస్తుంది, ముందున్నది సడలుతుంది. అలా ఒకదాని తర్వాత ఒకటి బిగుస్తూ పోతే ముద్ద ముందుకి పోతుంది. మనిషి తలకిందులుగా వేలాడుతూ తిన్నా ముద్ద పొట్టలోకే చేరుతుందన్నారు. నేను ఆ వారం నుంచి పొడుగు చేతుల చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాను.

ఇంత పనిమంతురాలైన పేగుకీ ఒక గుణం ఉంది. చెయ్యి తగిలితే అలుగుతుంది. కడుపు కోసి, పేగుని పట్టుకుని అటూ ఇటూ జరిపితే అంతవరకూ ఆడుతున్నది అక్కడే ఆగిపోతుంది. తిరిగి కదలడానికి చిన్నపేగుకి ఒక రోజులోపు చాలు, పొట్టకి ఇంకొంచెం ఎక్కువ, పెద్దపేగుకి రెండు మూడు రోజులు. అది లేచిందో లేదో బయట నుంచి కనబడదు. స్టెతస్కోప్ పెడితే ఒక్కోసారి వినబడుతుంది, ఒక్కోసారి మోసం చేస్తుంది. నమ్మకమైన కబురు ఒక్కటే, కింద నుంచి గాలి పోవడం. మా నర్సింగ్ హోమ్‌లో ఆ కబురు అందేదాకా గుక్కెడు నీళ్లు కూడా ఇచ్చేవాళ్లం కాదు. ఊళ్లో ఎక్కడైనా ముక్కు మూసుకుని నవ్వుకునే పిత్తు, సర్జికల్ వార్డులో అందరూ చెవులు రిక్కించి ఎదురుచూసే సమాచారం. ఈ మొరటు మాట నేను రాయగలిగాను గానీ రాజకుమారి ఎదురుగా మాత్రం ఏనాడూ అనలేదు.

రాజకుమారిది మండవల్లి దగ్గర కొల్లేటి అంచున ఓ పల్లె. వాళ్ల నాన్న చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. ఏలూరులో నర్సింగ్ ట్రైనింగ్ అయ్యి 1999లో మా దగ్గర చేరేనాటికి ఆమెకి ఇరవై రెండేళ్లు. గొంతు ఎంత మెత్తనంటే, సూది గుచ్చేటప్పుడు “ఏవండీ, కొంచెం నెప్పెడుతుందండీ, ఏమనుకోకండేం” అని ముందే క్షమాపణ చెప్పుకునేది. బెడ్‌పాన్ అనే మాటని కూడా గుసగుసగా అనేది. మా పక్క మనుషులంతా మర్యాదస్తులే, కాదనను. కానీ ఆ పిల్ల మర్యాద వైద్యానికి అడ్డం వచ్చేంత ఎక్కువ. ఈ మాట అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది. నేను చెప్పకుండా నవ్వుకున్నాను, అది నా తప్పు.

2001 మే నెలలో దేవరాజు మేష్టారు మా దగ్గర పేషెంటుగా చేరారు. రిటైరైన లెక్కల మేష్టారు, రాజకుమారి పక్క ఊరే, ఆమెకి ఎనిమిదో తరగతిలో పాఠం చెప్పినాయన. గజ్జల్లో హెర్నియా పేగుని పట్టేసింది. ఆపరేషన్ చేసి విడిపించాం. పక్కన ఆయన భార్య విక్టోరియా గారు ఉండేవారు, ఆవిడా టీచరే. మేష్టారు మంచం మీద నుంచే “రాజకుమారీ, పదమూడో ఎక్కం మర్చిపోలేదు కదా” అని అడిగేవారు. ఆమె చేతులు కట్టుకుని నిలబడి సమాధానం చెప్పేది.

మూడో రోజు పొద్దున్న సంగతి. అంతకుముందు గంటన్నరపాటు కరెంటు లేదు. ఎనిమిదింటికి వచ్చింది. రాజకుమారి కేస్ షీట్ పట్టుకుని మేష్టారి దగ్గరికి వెళ్లింది. అడగాల్సిన ప్రశ్న అడగాలి. ఎదురుగా ఉన్నది చదువు చెప్పిన గురువు. ఆమె తల వంచుకుని, “మేష్టారూ, గాలి వస్తోందా అండీ?” అంది.

మేష్టారు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. “వస్తోందమ్మా, హాయిగా వస్తోంది,” అన్నారు.

గాలి వచ్చిందని ఆమె కేస్ షీట్‌లో రాసింది. డాక్టరు గారు అది చదివి కొబ్బరినీళ్లు ఇమ్మన్నారు, మధ్యాహ్నం ఇడ్లీ పెట్టమన్నారు. ఆయనా ఒకసారి స్టెతస్కోప్ పెట్టి వినాల్సింది. ఆ రోజు మూడు ఆపరేషన్లున్నాయి, వినలేదు. ఈ మాట ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. లోపల పేగు ఇంకా అలక వదల్లేదు. వేసింది వేసినట్టు ముందుకి పోకుండా పేరుకుపోయింది. సాయంత్రానికి మేష్టారి కడుపు డప్పులా బిగిసింది. పడుకునే పెద్ద వాంతి చేసుకున్నారు, అందులో కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. విజయవాడ తీసుకెళ్లారు. తొమ్మిదో రోజున పోయారు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది ఆ సాయంత్రమే. అంబులెన్సు ఎక్కేముందు విక్టోరియా గారు సంచిలో బట్టలు సర్దుకుంటూ, “పొద్దున్న కూడా బానే ఉన్నారు కదమ్మా. నువ్వు ఫ్యాను గాలి వస్తోందా అనడిగితే హాయిగా వస్తోందన్నారు కూడాను,” అన్నారట. రాజకుమారి చేతిలోని ట్రే కింద పడిన చప్పుడు థియేటర్లో ఉన్న నాకు వినబడింది. ఆమె వెంటనే వెళ్లి డాక్టరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆయన ఆ కేస్ షీట్ తెప్పించుకుని మళ్లీ చదివారు. తర్వాత, “తప్పులో సగం నాది,” అన్నారు.

భూస్థాపన అయ్యాక నాలుగో రోజున రాజకుమారి ఒక్కతే బస్సెక్కి ఆ ఊరు వెళ్లి విక్టోరియా గారికి కూడా చెప్పింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అయినా వెళ్లి చెప్పింది. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజునే. విక్టోరియా గారు కోప్పడలేదు, ఏడవలేదు. “ముప్ఫై ఐదేళ్లు పిల్లలకి ప్రశ్న సరిగ్గా చదవండర్రా అని చెప్పిన మనిషమ్మా ఆయన. ఆఖరికి తనే సరిగ్గా చదువుకోలేదు,” అన్నారు. ఆ వెంటనే, “నువ్వు కూడా సరిగ్గా అడగలేదమ్మా,” అన్నారు. ఆ మాటలో విషం లేదు, నిజం ఉంది. తర్వాత ఆవిడే అన్నం వడ్డించారు. రాజకుమారికి మొదటి ముద్దే లోపలికి దిగలేదు. పెరట్లోకి పరిగెత్తి కక్కుకుంది.

ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కి ముందోసారి, మేష్టారు పోయిన రోజుకోసారి ఆమె ఆ ఇంటికి వెళ్తూనే ఉంది. వెళ్లినప్పుడల్లా విక్టోరియా గారు కంచం పెట్టబోవడం, ఈమె “కడుపు బాలేదండీ” అనడం. అబద్ధం కాదు, ఆ గుమ్మం తొక్కగానే కడుపు నిజంగానే బిగుసుకుపోయేదట. నేను డాక్టరు గారిని అడిగాను, పేగు మన మాట వినదన్నారు కదా, మరి ఇదేమిటని. “మాట వినదయ్యా. భయం, బాధ మాత్రం వింటుంది,” అన్నారాయన. ఇంకో సంగతి కూడా రాజకుమారే నాకు చెప్పింది. ఎండాకాలమైనా సరే, ఆవిడ ఫ్యాను వేసి ఊరుకుంటారట. గాలి వస్తోందా అని ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరట.

ఆ ఏడాది నుంచి రాజకుమారి పని తీరు మారిపోయింది. గొంతులో అదే మెత్తదనం, కానీ ప్రశ్న మారింది. గాలి అన్న మాట ఆమె మళ్లీ వాడలేదు. మనిషిని బట్టి మాట వెతుక్కునేది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల లారీ డ్రైవర్ బంగార్రాజుని “హారన్ కొట్టారా అండీ?” అనడిగింది. అతను కుట్లు నొక్కుకుంటూ నవ్వి, “రెండుసార్లండీ, సైడ్ కూడా ఇచ్చారు,” అన్నాడు. చేపల చెరువు మనిషిని “తూము తెరుచుకుందా అండీ?” అనేది. చింతలపూడి నుంచి వచ్చిన ఓ హెడ్‌మిస్ట్రెస్ గారు నోటితో చెప్పడానికి ససేమిరా అంటే, చీటీ మీద రాయించుకుంది. జవాబు వచ్చినా వెంటనే నమ్మేది కాదు, ఎప్పుడు, ఎన్నిసార్లు అని అడిగి, స్టెతస్కోప్ పెట్టి నిమిషాల తరబడి వినేది. నేను ఆమెని ఆటపట్టించేవాణ్ణి, “ఏవమ్మా, ఇవాళ ఎన్ని హారన్లు” అని. “మీకేంటండీ వీర్రాజు గారూ, మీరు మత్తులో ఉన్నవాళ్లతోనే కదా పని చేసేది,” అనేది.

2007 నవంబరులో నాగూర్ గారు వచ్చారు. ఏలూరులో పాత టైలరు. జాకెట్లు కుట్టడంలో పెట్టింది పేరు. నలభై ఏళ్లు ఆడవాళ్ల బట్టలు కుట్టి, ఒక్కరి మొహం వంక కూడా తిన్నగా చూడకుండా పాత జాకెట్టు చూసి కొలత తీసుకున్న మనిషి. నడుం నొప్పికి ఏళ్ల తరబడి మింగిన బిళ్లలు పొట్టలో పుండు చేసి చిల్లు పెట్టాయి. తిన్నదంతా పొట్ట బయటికి, పేగుల మీదకి కారిపోయింది. డాక్టరు గారు చిల్లు మూసి, లోపలంతా కడిగారు. నేను చూశాను, పేగులు ఎర్రగా వాచి, ఒక్కటంటే ఒక్క కదలిక లేకుండా పడి ఉన్నాయి. అరవై నాలుగేళ్ల వయసు, షుగరు, గుండె కూడా అంతంతమాత్రం.

ఆయన కొడుకు ఫారూఖ్ మందులకీ రక్తానికీ పరిగెత్తేవాడు. కోడలు నాజియా పగలంతా మంచం పక్కనే కూర్చునేది. రెండో రోజు నాగూర్ గారు, “నీళ్లెప్పుడిస్తారమ్మా?” అనడిగితే రాజకుమారి ఆయనకి తెలిసిన భాషలోనే చెప్పింది. “మీరు లంగాకి బొందు ఎక్కిస్తారు కదండీ. వెనక గుడ్డని కుచ్చులా పట్టి, ముందు గుడ్డని సాగదీస్తూ పోతే బొందు ముందుకి నడుస్తుంది. పేగూ అంతేనండీ. వెనక బిగుస్తుంది, ముందు సడలుతుంది. ఇప్పుడు ఆ పని చేసే చేతులు సమ్మె చేస్తున్నాయండీ.” ఆయన ఆలోచించి, “బొందు మధ్యలో ఆగితే మేం కుట్టు విప్పుతామమ్మా,” అన్నారు. “ఆ పరిస్థితి రాకూడదనేనండీ మా బాధ,” అంది రాజకుమారి.

ఆయన అడిగింది ఇంకొక్కటే, నమాజు. లేవలేరు కాబట్టి పడుకునే సైగలతో చేసుకుంటానన్నారు. కానీ దానికి ముందు వుజూ చేసుకోవాలి, అంటే నోరు, మొహం, చేతులు, కాళ్లు కడుక్కుని శుద్ధి కావాలి. చేతికి సెలైన్, ముక్కులో గొట్టం. నోరు పుక్కిలించేటప్పుడు ఓ గుటక లోపలికి పోతుందేమోనని మా భయం. నీళ్లు కుదరనప్పుడు శుభ్రమైన పొడి మట్టి మీద అరచేతులు ఆనించి, మొహానికీ చేతులకీ రాసుకుంటే చాలునట. ఫారూఖ్ స్టీలు పళ్లెంలో మట్టి జల్లించి తెచ్చాడు. రాజకుమారి ఆ పళ్లెం తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, “ఆటోక్లేవ్‌లో పెట్టండి వీర్రాజు గారూ, పక్కనే కుట్లున్నాయి,” అంది. నా సర్వీసులో మట్టిని స్టెరిలైజ్ చేసింది ఆ ఒక్కసారే.

ఈ సంగతులు రాజకుమారికి కొత్త కాదు. ట్రైనింగ్ రోజుల్లో ఆమె తంగెళ్లమూడిలో నఫీసా గారనే ఆవిడ ఇంట్లో గది తీసుకుని ఉండేది. నఫీసా గారు సాయంత్రం ఒకసారి వుజూ చేసుకుని దాన్నే తర్వాతి నమాజు దాకా కాపాడుకునేవారట. ఒక్కోరోజు మధ్యలో నవ్వుకుంటూ లేచి మళ్లీ పంపు దగ్గరికి వెళ్లేవారట. ఎందుకండీ అని ఈమె అడిగితే, “కునుకు పట్టినా పోతుంది, బాత్రూంకెళ్లినా పోతుంది, కింద నుంచి గాలి పోయినా పోతుందే అమ్మాయ్. ఇవాళ శనగలు తిన్నాను,” అన్నారట.

నాగూర్ గారికి మూడో రోజు గడిచింది, నాలుగో రోజు వచ్చింది. కబురు లేదు. రౌండ్స్‌లో డాక్టరు గారు అడుగుతారు, పక్క మంచాల వాళ్లు అడుగుతారు, చూడ్డానికొచ్చిన వియ్యంకుడు కూడా “అయిందా బావగారూ” అని అడుగుతాడు. ప్రశ్న పడ్డప్పుడల్లా నాజియా తల దించుకునేది, ఆయన “లేదండీ” అని గోడ వైపు మొహం తిప్పుకునేవారు. ఆ మధ్యాహ్నం రాజకుమారి విసిగిపోయి, కోడలి ఎదురుగా ఆయన్ని ఎవరూ ఏమీ అడగొద్దని వార్డు మొత్తానికీ చెప్పేసింది.

మూడింటికి డాక్టరు గారు ఎక్స్‌రే చూసి ఫారూఖ్‌ని పక్కకి పిలిచారు. “పేగులు ఉబ్బిపోతున్నాయి, కదలిక లేదు. ఎక్కడైనా మెలిక పడిందేమో, కుట్టు వదిలిందేమో తెలియడం లేదు. ఆరింటికి అంబులెన్సు పెట్టుకోండి, విజయవాడలో మళ్లీ తెరుస్తారు. కానీ ఒక మాట బాబూ. రెండోసారి కోత ఆయన తట్టుకుంటారని నేను మాటివ్వలేను.” ఫారూఖ్ అంబులెన్సు మాట్లాడడానికి వెళ్లాడు. డాక్టరు గారు అపెండిక్స్ కేసుకి థియేటర్లోకి వచ్చారు, వెనకే నేను.

నాలుగింటికి నాగూర్ గారు మట్టి పళ్లెం తెప్పించుకుని సాయంత్రం నమాజు చేసుకున్నారు. తర్వాత ఎప్పటిలాగే జపమాల తిప్పుతూ పడుకున్నారు. గత రెండు రోజులూ ఆయన ఆ శుద్ధితోనే సూర్యాస్తమయం నమాజు కూడా చేసుకున్నారు, పళ్లెం మళ్లీ అడగలేదు. రాజకుమారి ఆయన పక్కనే స్టూలు వేసుకుని, విజయవాడ పంపాల్సిన కాగితాలు రాస్తోంది. అయిదు కావస్తుండగా ఆయన చెయ్యెత్తి కోడలికి సైగ చేశారు. నాజియా పళ్లెం అందించింది.

రాజకుమారి పెన్ను ఆగిపోయింది. ఇంకా చీకటి పడలేదు, నమాజు వేళ కాలేదు. మంచం దిగలేదు. నిద్రపోలేదు, పూసలు కదులుతూండడం ఆమె కళ్లారా చూస్తూనే ఉంది. మరి మళ్లీ శుద్ధి దేనికి?

“నాజియా, ఫారూఖ్ గారొచ్చారేమో కిందికెళ్లి చూడమ్మా,” అని ఆ అమ్మాయిని పంపేసింది. గాలి అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మంచం మీదకి వంగి, ఆయనకి మాత్రమే వినబడేలా అడిగింది.

“నాగూర్ గారండీ, వుజూ పోయిందా అండీ?”

ఆయన కళ్లు మూసుకున్నారు. “పోయిందమ్మా,” అన్నారు.

“ఎప్పుడండీ?”

“ఇప్పుడే. చిన్నదేనమ్మా. ఇంత చిన్నది మీ డాక్టర్లకి పనికొస్తుందో రాదో, ఆ పిల్ల ముందు ఎలా చెప్పడం అనుకున్నాను.”

“నమాజుకి చిన్నా పెద్దా తేడా లేదు కదండీ. మాకూ అంతేనండీ,” అంది రాజకుమారి.

అయినా ఆమె కాగితం మీద ఏమీ రాయలేదు. ముందు స్టెతస్కోప్ పెట్టి అయిదు నిమిషాలు కదలకుండా వింది. తర్వాత వచ్చి థియేటర్ తలుపు కొట్టింది. ఎనిమిదేళ్లలో ఆమె ఆ తలుపు కొట్టడం అదే మొదలు. డాక్టరు గారు ఆఖరి కుట్టు వేసి, గ్లవ్స్ తీసేసి వెళ్లారు. కడుపు మీద నాలుగు చోట్లా మార్చి మార్చి విన్నారు. తర్వాత స్టెతస్కోప్ నా చెవులకి పెట్టారు. ఎక్కడో దూరాన పైపులో నీళ్లు నడుస్తున్న చప్పుడు, ఆగి, మళ్లీ వచ్చింది. ఎన్ని పేగులు కళ్లతో చూశానో లెక్కలేదు గానీ, ఒకటి లేస్తుంటే చెవులతో వినడం నాకూ అదే మొదలు. ఇంతలో నాగూర్ గారు రాజకుమారి వైపు చూసి చెయ్యి చాపారు. “ఆ పళ్లెం ఇంకోసారి ఇవ్వమ్మా,” అన్నారు.

డాక్టరు గారు అంబులెన్సు వెనక్కి పంపేయమన్నారు, రేపు పొద్దుటిదాకా చూద్దామన్నారు. ఫారూఖ్ బట్టల సంచితో మెట్లెక్కి వచ్చాడు, వెనకే నాజియా. “ఎందుకండీ వద్దన్నారు? ఏమైందండీ?” అని అడిగాడు. నాగూర్ గారు కోడలి వంక, రాజకుమారి వంక బతిమాలుతున్నట్టు చూశారు.

“ఏం కాలేదండీ. మీ నాన్నగారికి వుజూ పోయిందండీ. రెండుసార్లు,” అంది రాజకుమారి.

ఫారూఖ్‌కి అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుని “అల్‌హమ్దులిల్లా” అన్నాడు. నాజియా గోడ వైపు తిరిగింది, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. వుజూ పోయినందుకు దేవుడికి దండం పెట్టుకున్నవాళ్లని నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు పొద్దున్న చెంచాతో నీళ్లు, మూడో రోజుకి జావ. పన్నెండో రోజున నాగూర్ గారు నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు.

ఆ వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక రాజకుమారి బస్సెక్కింది. క్రిస్మస్ ఇంకా నెల రోజులుంది, మేష్టారు పోయిన రోజూ కాదు. వేళ కాని వేళ వచ్చిన ఈమెని చూసి విక్టోరియా గారు కంగారుపడి కుర్చీ వేశారు, ఫ్యాను వేశారు. రాజకుమారి మొత్తం చెప్పింది. పళ్లెం, పూసలు, తను అడిగిన మాట, ఆయన చెప్పిన జవాబు, ఏదీ వదలకుండా చెప్పింది. విక్టోరియా గారు గోడ మీది మేష్టారి ఫోటో వంక చూస్తూ విన్నారు.

“అయితే ఈసారి ప్రశ్న సరిగ్గా అడిగావన్నమాట,” అన్నారు చివరికి.

రాజకుమారి అవునని తలూపింది. అంతలో ఆమె కడుపులోంచి గుర్రుమని పెద్ద చప్పుడు వచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు మరి. వీధిలోకి కూడా వినబడి ఉంటుందని ఆమే నాతో చెప్పింది. సిగ్గుతో రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

విక్టోరియా గారు లేచి వంటింట్లోకి వెళ్లారు. తినమని అడగలేదు, కంచంలో అన్నం, కొర్రమీను పులుసు వడ్డించుకుని తెచ్చి ఒళ్లో పెట్టేశారు. పులుసు వేడికి రాజకుమారి నుదుటి మీద చెమట పడుతుంటే ఫ్యాను ఇంకొంచెం పెంచి, తిరిగి చూశారు.

“గాలి వస్తోందామ్మా?” అన్నారు.

“వస్తోందండీ,” అంది రాజకుమారి. కన్నీళ్లు కంచంలో పడుతుండగా తింది. మారు అన్నం పెట్టించుకుని మరీ తింది.